హ్యూగో షిఫ్

హ్యూగో షిఫ్ (ఏప్రిల్ 26, 1834 – సెప్టెంబరు 8, 1915) జర్మనీలో జన్మించి, ఇటలీలో స్థిరపడిన సుప్రసిద్ధ రసాయన శాస్త్రవేత్త. ఆల్డిహైడులు, అమీనుల కలయిక వలన ఏర్పడే షిఫ్ క్షారాలు, ఆల్డిహైడులను గుర్తించడానికి వాడే షిఫ్ కారకం ఇతని పేరుతోనే ప్రసిద్ధమైనాయి. ఇటాలియన్లు ఇతనిని ఊగో షిఫ్ అని వ్యవహరిస్తారు. ఇటలీలో ఆధునిక రసాయన శాస్త్ర బోధనకు పునాదులు వేసినవారిలో ఇతడు ఒకడు. ప్రయోగశాలలో ఇతని పేరును నిత్యం స్మరించే విద్యార్థులలో చాలామందికి ఆ పేరు వెనుక ఉన్న మనిషిని గురించి తెలియదు. షిఫ్ అనేది ఒక వ్యక్తి పేరని కూడా తెలియనివారు కొందరున్నారు. జర్మన్ భాషలో ఈ మాటకు ఓడ అని అర్థం.

బాల్యం, కుటుంబం

హ్యూగో షిఫ్ ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో ఒక యూదు వర్తక కుటుంబంలో జన్మించాడు. అన్న మోరిట్జ్ షిఫ్ (1823 – 1896) ఇతనికంటే 11 సంవత్సరాలు పెద్ద. మోరిట్జ్ వైద్యం చదివి శరీరధర్మ శాస్త్రంలో గొప్ప పేరు సంపాదించాడు. థైరాయిడ్ గ్రంథిని తొలగించిన జంతువులలో కలిగే మార్పులపై అతడు చేసిన ప్రయోగాలు వైద్యశాస్త్ర చరిత్రలో నిలిచిపోయాయి. తమ్ముని జీవితపు మలుపులలో అన్న ప్రభావం చాలా ఉంది. మోరిట్జ్ ఉద్యోగ రీత్యా వెళ్ళిన రెండు నగరాలకూ, అనగా బెర్న్‌కూ ఫ్లారెన్స్‌కూ, కొద్ది కాలం తరువాత హ్యూగో కూడా చేరుకున్నాడు.

హ్యూగోకు 14 ఏళ్ళ వయసులో, 1848లో, జర్మన్ రాజ్యాలన్నిటా విప్లవం చెలరేగింది. ఎన్నికైన జాతీయ సభ ఫ్రాంక్‌ఫర్ట్ లోని సెయింట్ పాల్ చర్చిలోనే సమావేశమైంది. మరుసటి సంవత్సరమే విప్లవం అణచివేయబడింది. మోరిట్జ్ విప్లవ సైన్యంలో వైద్యునిగా పనిచేశాడు. ఆ కారణం చేత జర్మన్ విశ్వవిద్యాలయాలలో అధ్యాపక పదవి అతనికి అందని పండైంది. గొట్టింగెన్ లో బోధించడానికి అనుమతి నిరాకరించబడగా అతడు 1854లో స్విట్జర్లాండు లోని బెర్న్ విశ్వవిద్యాలయానికి వెళ్ళిపోయాడు. ఉదారవాద, సామ్యవాద భావాలు గల హ్యూగోకు కూడా స్వదేశంలో భవిష్యత్తు కనిపించలేదు.

విద్యాభ్యాసం

హ్యూగో గొట్టింగెన్ విశ్వవిద్యాలయంలో ఫ్రెడరిక్ వోలర్ వద్ద రసాయన శాస్త్రం అభ్యసించి 1857లో డాక్టరేటు పొందాడు. వోలర్ 1828లో అకర్బన పదార్థాల నుండి యూరియాను తయారుచేసి, కర్బన సమ్మేళనాలకు ప్రాణశక్తి అవసరమన్న నమ్మకాన్ని సడలించిన మహనీయుడు. వనేడియం కథలో కూడా వోలర్ కు పాత్ర ఉన్నది. మెక్సికోలో ఆంద్రెస్ మనువెల్ డెల్ రియో 1801లో ఒక సీసపు ఖనిజంలో కొత్త మూలకాన్ని కనుగొన్నాడు. అది క్రోమియం తప్ప మరేమీ కాదని 1805లో ఒక ఫ్రెంచి రసాయనికుడు తేల్చగా, డెల్ రియో తన ఆవిష్కరణను వదులుకున్నాడు. 1830లో స్వీడన్ కు చెందిన సెఫ్‌స్ట్రోమ్ ఇనుప ఖనిజంలో అదే మూలకాన్ని తిరిగి కనుగొని, ఒక స్కాండినేవియా దేవత పేరు మీద వనేడియం అని నామకరణం చేశాడు. రెండూ ఒకటేనని 1831లో రుజువు చేసినవాడు వోలర్. వోలర్ శిష్యుని పేరు మోసే కర్బన సమ్మేళనాలు ఒక శతాబ్దం తరువాత ఈ వనేడియంతోనే జతకట్టడం రసాయన శాస్త్ర చరిత్రలోని ముచ్చటైన సంగతులలో ఒకటి.

డాక్టరేటు పొందిన 1857లోనే షిఫ్ భాస్వర పెంటాక్లోరైడును సల్ఫర్ డయాక్సైడుతో చర్య జరిపి థయోనిల్ క్లోరైడును శుద్ధంగా తయారుచేసి, దాని స్వభావాన్ని సరిగా గుర్తించాడు. కార్బాక్సిలిక్ ఆమ్లాలను ఆమ్ల క్లోరైడులుగా మార్చడానికి ఈనాటికీ వాడే ద్రవం ఇదే. అప్పటికి ఇతని వయసు 23 సంవత్సరాలు.

బెర్న్ నుండి ఇటలీకి

డాక్టరేటు అనంతరం షిఫ్ స్వదేశాన్ని విడిచి బెర్న్ చేరుకొని, అక్కడి విశ్వవిద్యాలయంలో బోధించే అర్హత సంపాదించాడు. ఈ పదవికి స్థిరమైన జీతం ఉండదు. విద్యార్థులు చెల్లించే రుసుమే ఆధారం. ఈలోగా ఇటలీలో పెద్ద మార్పు వచ్చింది. చిన్న చిన్న రాజ్యాలుగా చీలి ఉన్న ఆ దేశం 1861లో ఒకే రాజ్యంగా ఏకమైంది. కొత్త ప్రభుత్వం విశ్వవిద్యాలయాలను బాగుచేయాలని సంకల్పించి, విదేశీ పండితులను ఆహ్వానించింది. మోరిట్జ్ ఫ్లారెన్స్ లోని ఉన్నత విద్యాసంస్థకు ఆచార్యునిగా వెళ్ళాడు. 1863లో హ్యూగో పీసా విశ్వవిద్యాలయంలో సహాయకునిగా చేరాడు. కొద్ది కాలానికే ఇతడు కూడా ఫ్లారెన్స్ చేరుకున్నాడు. 1865 నుండి 1871 వరకు ఇటలీకి రాజధాని ఫ్లారెన్సే కావడం వలన అక్కడి సంస్థలకు ఆ రోజులలో ప్రత్యేకమైన ప్రాముఖ్యం ఉండేది.

పరాయి దేశంలో, పరాయి భాషలో, మతరీత్యా అల్పసంఖ్యాకుడైన ఒక యువకుడు నిలదొక్కుకోవడం సులువైన సంగతి కాదు. అయినా షిఫ్ ఇటాలియన్ భాషను తన భాషగా చేసుకున్నాడు. పరిశోధన ఫలితాలను ఇటాలియన్, జర్మన్ భాషలు రెండింటిలోనూ ప్రకటించేవాడు.

షిఫ్ క్షారాలు

షిఫ్ కీర్తికి మూలమైన పరిశోధన పీసాలో జరిగింది. 1864లో లీబిగ్, వోలర్, కోప్ ల సంపాదకత్వంలో వెలువడుతున్న జర్మన్ రసాయన పత్రికలో ఇతడు కర్బన క్షారాల కొత్త శ్రేణిని గురించి ఒక వ్యాసం ప్రకటించాడు. దాని నిడివి రెండు పుటలు మాత్రమే. ఎనిలీన్ ను ఎసిటాల్డిహైడు, బెంజాల్డిహైడు, దాల్చినచెక్క నూనెలో ఉండే సిన్నమాల్డిహైడు వంటి ఆల్డిహైడులతో కలిపినప్పుడు నీరు వెలువడి, నత్రజని గల కొత్త పదార్థాలు ఏర్పడుతున్నాయన్నది దాని సారాంశం.

ఎనిలీన్ ఆ రోజులలో రసాయనికుల మనసులను ఆక్రమించిన పదార్థం. 1856లో ఇంగ్లండులో పెర్కిన్ మావ్ అనే ఊదారంగును కనుగొన్నాడు. 1859లో ఫ్రాన్సులో మెజెంటా రంగు వచ్చింది. ఎనిలీన్ ను దేనితో కలిపితే ఏ రంగు వస్తుందోనని ఐరోపా అంతటా ప్రయోగాలు జరుగుతున్నాయి. షిఫ్ దృష్టి మాత్రం ఏర్పడిన పదార్థపు సంఘటనం మీద, చర్య జరిగే తీరు మీద నిలిచింది. ఆల్డిహైడుకూ ఎనిలీన్ కూ మధ్య జరిగే చర్యలను అంతకు ముందు కూడా కొందరు చూశారు. బెంజాల్డిహైడు, ఎనిలీన్ ల కలయికను 1850 నాటికే లారెంట్, గెర్‌హార్ట్ లు వర్ణించారు. విడివిడిగా ఉన్న ఆ ఉదాహరణలను ఒక సామాన్య చర్యగా గుర్తించడంలోనే షిఫ్ ప్రతిభ ఉన్నది.

ఆల్డిహైడులో కర్బన పరమాణువు ఆమ్లజనితో ద్విబంధం కలిగి ఉంటుంది. ఆమ్లజని ఎలక్ట్రానులను తనవైపు లాగుకోవడం వలన ఆ కర్బనానికి ఎలక్ట్రానుల కొరత ఏర్పడుతుంది. అమీనులోని నత్రజని వద్ద ఒంటరి ఎలక్ట్రాను జంట ఉన్నది. అది ఆ కర్బనాన్ని చేరి బంధం ఏర్పరుస్తుంది. తరువాత ఒక నీటి అణువు తొలగిపోయి, కర్బనానికీ నత్రజనికీ మధ్య ద్విబంధం మిగులుతుంది. ఇట్టి బంధం గల పదార్థమే షిఫ్ క్షారం. చర్యకు స్వల్పంగా ఆమ్లం ఉండాలి. ఆమ్లం ఎక్కువైతే అమీను లవణంగా మారి చర్యలో పాల్గొనదు. తక్కువైతే నీరు తొలగిపోవడం నెమ్మదిస్తుంది. నీరు సమృద్ధిగా ఉంటే, ముఖ్యంగా ఆమ్ల సమక్షంలో, చర్య వెనుకకు నడిచి మొదటి పదార్థాలు రెండూ తిరిగి వస్తాయి. బెంజీన్ వలయం గల ఆల్డిహైడులతో చేసిన షిఫ్ క్షారాలు స్థిరంగా ఉండి చక్కని స్ఫటికాలుగా లభిస్తాయి. సామాన్య ఆల్డిహైడులతో చేసినవి తమలో తాము కలిసిపోయి జిగురుగా మారే అవకాశం ఎక్కువ.

క్షారం అన్న పేరు చూసి ఇవి సోడియం హైడ్రాక్సైడు వంటివని పొరబడరాదు. ఇవి చాలా బలహీనమైన క్షారాలు. అమీనుల నుండి పుట్టినవి కనుక షిఫ్ వాటిని కర్బన క్షారాల కోవలో చేర్చాడు.

రెండు పుటలలో చెప్పబడిన ఈ చర్య ప్రకృతిలో అడుగడుగునా జరుగుతున్నదని తరువాతి కాలంలో తెలియవచ్చింది. కంటిలో చూపుకు ఆధారమైన రొడాప్సిన్ అనే పదార్థంలో, విటమిన్ ఎ నుండి వచ్చిన రెటినాల్ ప్రోటీనుకు షిఫ్ క్షారపు బంధంతోనే అతుక్కొని ఉంటుంది. విటమిన్ బి6 నుండి ఏర్పడే పిరిడాక్సాల్ ఫాస్ఫేటు అమైనో ఆమ్లాలను ఒకదాని నుండి మరొకదానికి మార్చే పనిలో ఇదే మార్గాన్ని అనుసరిస్తుంది. 1907లో స్టాడింజర్ ఒక షిఫ్ క్షారానికి కీటీన్ ను చేర్చి నాలుగు పరమాణువుల వలయం గల బీటా లాక్టమ్ ను మొదటిసారిగా తయారుచేశాడు. పెనిసిలిన్ అణువుకు గుండెకాయ వంటిది ఇదే వలయమని 1940లలో తేలింది.

లోహాలతో కలయిక – వనేడియం సమ్మేళనాలు

షిఫ్ క్షారాలకు నేడు అకర్బన రసాయన శాస్త్రంలో ఉన్న స్థానానికి కూడా తొలి అడుగు షిఫ్ దే. సాలిసిలాల్డిహైడులో ఆల్డిహైడు సమూహం పక్కనే ఒక హైడ్రాక్సిల్ సమూహం ఉంటుంది. 1840లో ఎట్లింగ్ అనే జర్మన్ రసాయనికుడు దీనిని రాగి లవణంతో, అమోనియాతో కలిపి ఆకుపచ్చని స్ఫటికాలు పొందాడు. షిఫ్ 1869లో ఇటువంటి లోహ సమ్మేళనాలను మరికొన్నిటిని తయారుచేసి, వాటిలో ఒక లోహ పరమాణువుకు రెండు షిఫ్ క్షారపు అణువులు చొప్పున ఉన్నాయని నిర్ధారించాడు. ఆ రెండు ఒకటి నిష్పత్తికి కారణం ఏమిటో చెప్పగల సిద్ధాంతం అప్పటికి లేదు. ఆల్ఫ్రెడ్ వెర్నర్ తన సమన్వయ సిద్ధాంతాన్ని ప్రకటించేసరికి 1893వ సంవత్సరం వచ్చింది, షిఫ్ కు 59 ఏళ్ళు నిండాయి.

వెర్నర్ దృష్టితో చూస్తే విషయం తేటతెల్లమవుతుంది. సాలిసిలాల్డిహైడు నుండి వచ్చిన షిఫ్ క్షారంలో నత్రజని, ఆమ్లజని పరమాణువులు లోహాన్ని రెండు వైపుల నుండి పీత తన ముందరి కాళ్ళతో పట్టినట్టు పట్టుకొని, ఆరు పరమాణువుల వలయాన్ని ఏర్పరుస్తాయి. ఇట్లు లోహాన్ని పట్టుకొనే అణువును లైగాండ్ అంటారు. రెండు సాలిసిలాల్డిహైడు అణువులను ఒక ఇథిలీన్ డైఎమీన్ అణువుతో కలిపితే నాలుగు చోట్ల పట్టుకోగల లైగాండ్ లభిస్తుంది. దీనిని 1889లో కోంబ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త తయారుచేశాడు. సాలెన్ అనే పొట్టిపేరు తరువాత వచ్చింది. వెర్నర్ శిష్యుడైన పాల్ ఫైఫర్ 1930లలో బాన్ నగరంలో ఈ తరగతి లైగాండ్ లను అనేక లోహాలతో జతచేసి విస్తృతంగా అధ్యయనం చేశాడు. 1938లో జపాను శాస్త్రవేత్త త్సుమాకి, కోబాల్టు సాలెన్ గాలిలోని ఆమ్లజనిని పీల్చుకొని తిరిగి విడువగలదని గుర్తించాడు.

ఈ వరుసలో వనేడియం సమ్మేళనాలు విద్యార్థులకు ప్రత్యేకంగా ఆసక్తి కలిగిస్తాయి. వాటిని తయారుచేయడం కష్టం కాదు. నీలిరంగులో ఉండే వనడైల్ సల్ఫేటు ద్రావణాన్ని, ఆల్కహాలులో కరిగించిన సాలిసిలాల్డిహైడు, ఇథిలీన్ డైఎమీన్ ల మిశ్రమానికి చేర్చి, సోడియం ఎసిటేటు వంటి మృదువైన క్షారంతో ఆమ్లత్వాన్ని తగ్గించి వేడిచేస్తే ఆకుపచ్చని స్ఫటికాలు అవక్షేపంగా వస్తాయి. వనడైల్ అయానుకు రెండు ధనావేశాలు, లైగాండ్ కు రెండు ఋణావేశాలు ఉండడం వలన ఏర్పడిన సమ్మేళనానికి ఆవేశం ఉండదు. అందుచేతనే అది నీటిలో కరగదు.

నిర్మాణం విషయానికి వస్తే, లైగాండ్ లోని రెండు నత్రజనులు, రెండు ఆమ్లజనులు ఒక చతురస్రపు నాలుగు మూలల వద్ద ఉంటాయి. వనేడియానికి విడిగా ఉన్న ఆమ్లజని ఆ చతురస్రానికి పైన శిఖరం వలె నిలుస్తుంది. మొత్తం ఆకృతి చతురస్ర పిరమిడ్. వనేడియం సరిగ్గా అడుగు తలంలో ఉండక, శిఖరం వైపు సుమారు అర ఆంగ్‌స్ట్రామ్ పైకి లేచి ఉంటుంది. శిఖరపు బంధం పొడవు సుమారు 1.6 ఆంగ్‌స్ట్రాములు. మిగిలిన నాలుగు బంధాలు సుమారు 1.9 నుండి 2.1 వరకు ఉంటాయి. ఆ పొట్టి, బలమైన బంధం వలన పరారుణ వర్ణపటంలో సెంటీమీటరుకు 980 తరంగాల ప్రాంతంలో స్పష్టమైన పట్టీ కనిపిస్తుంది.

ఇక్కడ ఒక చిన్న విచిత్రం ఉన్నది. ఇథిలీన్ డైఎమీన్ కు బదులు ఒక కర్బనం ఎక్కువగా ఉన్న ప్రొపేన్ డైఎమీన్ వాడితే ఘనపదార్థం ఆకుపచ్చగా కాక నారింజ ఛాయ గల పసుపు రంగులో వస్తుంది. పరారుణ పట్టీ కూడా 850 ప్రాంతానికి దిగజారుతుంది. ఒక అణువులోని శిఖరపు ఆమ్లజని పక్క అణువులోని వనేడియంకు అడుగు వైపు నుండి తగులుకొని, అణువులన్నీ గొలుసుగా పేర్చబడడమే ఇందుకు కారణం. తగిన ద్రావణిలో కరిగిస్తే గొలుసు తెగి ఆకుపచ్చ రంగు తిరిగి వస్తుంది. లైగాండ్ లో ఒక్క కర్బనపు తేడా ఇంత మార్పును తేగలదు.

నాలుగవ ఆక్సీకరణ స్థితిలోని వనేడియంకు ఒకే ఒక ఒంటరి డి ఎలక్ట్రాను ఉంటుంది. అందువలన అయస్కాంత భ్రామకం సుమారు 1.73 బోర్ మాగ్నెటానులు ఉంటుంది. ఎలక్ట్రాను స్పిన్ అనునాద వర్ణపటంలో ఎనిమిది గీతలు కనిపిస్తాయి. వనేడియం కేంద్రకపు స్పిన్ ఏడు బై రెండు కావడం దీనికి కారణం. సమ్మేళనంలో వనేడియం ఏ స్థితిలో ఉన్నదో చెప్పడానికి ఇంతకంటే సులువైన సాక్ష్యం మరొకటి లేదు. ఐదవ స్థితికి ఆక్సీకరణం చెందితే ఈ గీతలన్నీ మాయమవుతాయి.

1980లలో ఒక గోధుమరంగు సముద్రపు నాచులో వనేడియం ఆధారంగా పనిచేసే బ్రోమోపెరాక్సిడేజ్ అనే ఎంజైము ఉన్నదని తెలిసిన తరువాత ఈ సమ్మేళనాల మీద శ్రద్ధ పెరిగింది. ఆ ఎంజైములో షిఫ్ క్షారం లేదు. కానీ అది చేసే పనిని ప్రయోగశాలలో అనుకరించడానికి వనేడియం–షిఫ్ క్షార సమ్మేళనాలు అనువైన నమూనాలుగా ఉపకరించాయి. 1995లో జర్మనీకి చెందిన బోల్మ్, బీనెవాల్డ్ లు ఇటువంటి సమ్మేళనాన్ని ఉత్ప్రేరకంగా వాడి, హైడ్రోజన్ పెరాక్సైడుతో సల్ఫైడులను ఆక్సీకరించి, కుడి ఎడమ రూపాలలో ఒకదానినే అధికంగా పొందే మార్గాన్ని చూపారు. దానికి అవసరమైన ఉత్ప్రేరకం నూటికి ఒక పాలు మించదు.

షిఫ్ కారకం

మెజెంటా అనే అద్దకపు రంగు ద్రావణం గుండా సల్ఫర్ డయాక్సైడు వాయువును పంపితే రంగు పోతుంది. రంగు పోయిన ఈ ద్రావణానికి ఆల్డిహైడు చుక్కలు చేరిస్తే ఊదా ఛాయ గల ఎరుపు రంగు వస్తుంది. ఈ సంగతిని షిఫ్ 1866లో ప్రకటించాడు. తెలుగునాట ఇంటర్మీడియట్, డిగ్రీ తరగతుల ప్రయోగశాలలలో ఆల్డిహైడులను కీటోనుల నుండి వేరుగా గుర్తించడానికి చేసే షిఫ్ పరీక్ష ఇదే. సామాన్యంగా కీటోనులు ఈ రంగునివ్వవు. పరీక్షను వేడి చేయకుండా, క్షారం తగలకుండా చేయాలి. లేనిచో సల్ఫర్ డయాక్సైడు తొలగిపోయి ఆల్డిహైడు లేకున్నా అసలు రంగు తిరిగి వచ్చి విద్యార్థిని తికమక పెడుతుంది.

ఈ కారకానికి అసలైన కీర్తి షిఫ్ మరణానంతరం జీవశాస్త్రంలో లభించింది. 1924లో జర్మన్ శాస్త్రవేత్త ఫాయిల్గెన్, జీవకణాలను పలుచని ఆమ్లంతో శుద్ధిచేసి షిఫ్ కారకంలో ముంచితే కేంద్రకం మాత్రమే ఎర్రబారుతుందని కనుగొన్నాడు. ఆమ్లం డి.ఎన్.ఎ. లోని ప్యూరిన్ భాగాలను తొలగించగా చక్కెర భాగంలో ఆల్డిహైడు సమూహం బయటపడుతుంది, దానితో కారకం చర్య జరుపుతుంది. మొక్కల కణాలలోనూ జంతువుల కణాలలోనూ డి.ఎన్.ఎ. ఉన్నదని తేల్చడంలో ఈ పద్ధతి ఎంతో తోడ్పడింది. 1946లో మక్‌మేనస్ పెరయోడిక్ ఆమ్లాన్ని జోడించి రూపొందించిన మరొక పద్ధతి, మూత్రపిండాల వ్యాధులనూ శిలీంధ్రాల వలన కలిగే వ్యాధులనూ గుర్తించడానికి ఆసుపత్రుల ప్రయోగశాలలలో నేటికీ వాడుకలో ఉన్నది.

కోనీన్ వివాదం

షిఫ్ జీవితంలో విజయాలతో పాటు ఒక పెద్ద ఆశాభంగం కూడా ఉన్నది. హెమ్లాక్ అనే విషపు మొక్కలో ఉండే కోనీన్ అనే ఆల్కలాయిడును 1827లో వేరుచేశారు. గ్రీకు తత్త్వవేత్త సోక్రటీసుకు ఇచ్చిన విషం హెమ్లాక్ అని ప్రతీతి. అంతవరకు ఏ ఆల్కలాయిడునూ ఎవరూ ప్రయోగశాలలో నిర్మించలేదు. 1870లో షిఫ్ బ్యుటిరాల్డిహైడును ఆల్కహాలులో కరిగించిన అమోనియాతో వేడిచేసి, కోనీన్ ను పోలిన ద్రవాన్ని తయారుచేశాడు. వాసన, విషగుణం, సంఘటనం అన్నీ సరిపోయినట్టు తోచాయి. మొదటి ఆల్కలాయిడు నిర్మాణం జరిగినట్టే కనబడింది.

అయితే సహజమైన కోనీన్ ధ్రువిత కాంతి తలాన్ని తిప్పుతుంది, షిఫ్ పదార్థం తిప్పదు. తరువాత ఇతర గుణాలలో కూడా భేదాలు కనబడి, దానికి పారాకోనీన్ అని వేరు పేరు పెట్టవలసి వచ్చింది. 1881లో హాఫ్‌మన్ అసలు చిక్కును విప్పాడు. అంతవరకు అందరూ నమ్ముతున్న కోనీన్ ఫార్ములాయే తప్పు. నిజమైన కోనీన్ లో మరో రెండు ఉదజని పరమాణువులు ఉన్నాయి. అనగా షిఫ్ పదార్థం సరిపోయినది తప్పు ఫార్ములాకు. 1886లో లాడెన్‌బుర్గ్ కోనీన్ ను నిజంగా నిర్మించి, దాని కుడి ఎడమ రూపాలను టార్టారిక్ ఆమ్లంతో వేరుచేసి ఆ ఘనతను దక్కించుకున్నాడు. షిఫ్ ప్రయోగంలో లోపం లేదు. అతడు గురిపెట్టిన లక్ష్యమే తప్పు చోట గీయబడి ఉన్నది. ఈ భేదాన్ని గమనించక అతనిని తప్పుపట్టడం న్యాయం కాదు.

టానిన్ విషయంలోనూ ఇటువంటిదే జరిగింది. గాలిక్ ఆమ్లం నుండి తాను తయారుచేసిన డైగాలిక్ ఆమ్లమే టానిన్ అని షిఫ్ 1871లో ప్రతిపాదించాడు. దీనిపై ఏళ్ళ తరబడి వాదోపవాదాలు నడిచాయి. టానిన్ లో గ్లూకోజు కేంద్రంగా అనేక గాలిక్ ఆమ్ల భాగాలు ఉన్నాయని ఎమిల్ ఫిషర్, ఫ్రాయిడెన్‌బర్గ్ లు 1912లో చూపారు.

ఇతర పరిశోధనలు

బోరిక్ ఆమ్లపు ఎస్టరులను, ఆర్బుటిన్, హెలిసిన్, ఫ్లోరిజిన్ వంటి మొక్కల గ్లూకోసైడులను షిఫ్ అధ్యయనం చేశాడు. టస్కనీ ప్రాంతంలో భూగర్భపు ఆవిరుల నుండి బోరిక్ ఆమ్లాన్ని తీసే పరిశ్రమ ఉండడం వలన బోరిక్ ఆమ్లంపై పని ఆ ప్రాంతానికి సహజమైనదే. కర్బన పదార్థాలలో నత్రజని వాయువును కొలవడానికి ఇతడు రూపొందించిన గాజు పరికరం చాలా కాలం ప్రయోగశాలలలో వాడుకలో ఉన్నది.

ఆరు పదులు దాటిన వయసులో ఇతడు మళ్ళీ తన తొలినాటి చర్య వైపు తిరిగాడు. అమైనో ఆమ్లాలలో అమీను సమూహం, ఆమ్ల సమూహం ఒకదానినొకటి కప్పిపుచ్చుతాయి. ఫార్మాల్డిహైడును చేర్చితే అది అమీనును పట్టుకోగా, ఆమ్లగుణం స్పష్టంగా బయటపడి క్షారంతో కొలవడానికి వీలవుతుందని షిఫ్ చూపాడు. దీని ఆధారంగానే డెన్మార్కుకు చెందిన సోరెన్‌సెన్ 1907లో ఫార్మాల్ అంశమాపన పద్ధతిని రూపొందించాడు. ఇదే సోరెన్‌సెన్ 1909లో పి.హెచ్. కొలమానాన్ని ప్రవేశపెట్టాడు.

ఆచార్యునిగా

1870లో ఫ్లారెన్స్ లో సమావేశమైన ఇటలీ రసాయనికులు తమ దేశానికి సొంత పత్రిక కావాలని నిర్ణయించారు. కన్నిజారో చర్య ద్వారా మన విద్యార్థులకు పరిచితుడైన స్టానిస్లావో కన్నిజారో ఇందులో ప్రముఖుడు. షిఫ్ కూడా వ్యవస్థాపకులలో ఒకడు. 1871లో ప్రారంభమైన ఆ పత్రిక, గజెట్టా కిమికా ఇటాలియానా, 1997 వరకు వెలువడింది. 1998 నుండి ఇతర దేశాల పత్రికలతో కలిసి ఐరోపా పత్రికలలో విలీనమైంది.

1876లో మోరిట్జ్ కు ఫ్లారెన్స్ లో నిలువ నీడ లేకపోయింది. జంతువులపై అతడు చేసే ప్రయోగాలకు వ్యతిరేకంగా నగరంలో, ముఖ్యంగా అక్కడ నివసించే ఆంగ్లేయులలో, పెద్ద ఆందోళన సాగింది. తాను మత్తుమందు ఇచ్చిన తరువాతనే ప్రయోగాలు చేస్తున్నానని అతడు చెప్పినా ఆందోళన చల్లారలేదు. చివరకు అతడు జెనీవాకు వెళ్ళిపోయాడు. అదే సంవత్సరం హ్యూగో ట్యూరిన్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి స్వీకరించాడు. కానీ మూడేళ్ళకే, 1879లో, ఫ్లారెన్స్ కు తిరిగి వచ్చి సాధారణ రసాయన శాస్త్ర ఆచార్యుడైనాడు. మరణించేవరకు ఆ నగరాన్ని విడువలేదు. గినో కప్పోని వీధిలో ఇతడు నెలకొల్పిన రసాయన విభాగంలో మెట్లు మెట్లుగా అమర్చిన బల్లలతో కూడిన ఉపన్యాస మందిరం ఉన్నది. దానిలో షిఫ్ ప్రయోగాలు చేసి చూపుతూ పాఠాలు చెప్పేవాడు.

చివరి దశ

1915 మే నెలలో ఇటలీ మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీకి మిత్రదేశమైన ఆస్ట్రియా–హంగరీకి ఎదురుగా దిగింది. పుట్టిన దేశమూ, అర్ధశతాబ్దికి పైగా పోషించిన దేశమూ ఎదురెదురు పక్షాలలో నిలిచిన ఆ సంవత్సరమే, సెప్టెంబరు 8వ తేదీన, షిఫ్ తన 81వ ఏట ఫ్లారెన్స్ లో మరణించాడు. ఇటలీ, జర్మనీల మధ్య నేరుగా యుద్ధ ప్రకటన మరుసటి సంవత్సరం ఆగస్టులో జరిగింది. ఫ్లారెన్స్ లో ఇతని పీఠాన్ని ఆంజెలో ఆంజెలి అలంకరించాడు. షిఫ్ పనిచేసిన ఉన్నత విద్యాసంస్థ 1924లో ఫ్లారెన్స్ విశ్వవిద్యాలయంగా మారింది. ఆ విశ్వవిద్యాలయపు రసాయన శాస్త్ర విభాగం నేడు ఊగో షిఫ్ పేరుతో నగర శివార్లలోని సెస్టో ఫియొరెంటినోలో ఉన్నది.